మ్యాజిక్ కింగ్‌డమ్‌లో నదిని తీసేసి ‘కార్స్’ ల్యాండ్ కడుతున్నారు: ఇది సరైన నిర్ణయమేనా?

పాపికొండలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఫ్లోరిడాలో డిస్నీ వారి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో 1971 నుంచి ఉన్న ‘రివర్స్ ఆఫ్ అమెరికా’ నదికీ, దాని నడుమ 1973లో తెరిచిన టామ్ సాయర్ దీవికీ, ఆ దీవి చుట్టూ తిరిగే లిబర్టీ బెల్ అనే ఆవిరి పడవకూ 2025 జులై 6 ఆఖరి రోజు అయింది. ఆ స్థలంలో ‘కార్స్’ సినిమాల లోకానికి చెందిన ‘పిస్టన్ పీక్ నేషనల్ పార్క్’ అనే కొత్త ల్యాండ్ (ఒకే ఇతివృత్తంతో కట్టే పార్కు భాగం) కడుతున్నారు. 2024 ఆగస్టులో డీ23 అనే డిస్నీ అభిమానుల సభలో ఈ సంగతి ప్రకటించినప్పటి నుంచి అభిమానులు రెండు వర్గాలుగా చీలి వాదించుకుంటూనే ఉన్నారు. ఇంగ్లిషులో జరిగే చర్చల్లో కోపం పాలు ఎక్కువగా, విషయం పాలు తక్కువగా కనిపిస్తోంది. ఇక్కడ పార్కులను శ్రద్ధగా గమనించేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

నా సందేహాలు రెండు. మొదటిది, అమెరికా వాళ్లు పడమటి దిక్కుకు వలస పోయిన నాటి జీవితాన్ని చూపించే, ఆ నది ఒడ్డునే ఉన్న ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో కళ్లూ నోరూ ఉన్న కార్లు ఇముడుతాయా? రెండోది, కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో స్టార్ వార్స్ ల్యాండ్ కట్టడానికి ఇదే పేరున్న నదిని 2016లో మూసి, పొడవు తగ్గించి, 2017 జులైలో మళ్లీ తెరిచారు. అక్కడ కుదిరిన పని ఇక్కడ ఎందుకు కుదరలేదు?

‘కార్స్’ మీద నాకేమీ కోపం లేదు. మా అబ్బాయి బొమ్మల బుట్టలో సగం లైట్నింగ్ మెక్వీన్ కార్లే ఉంటాయి. అయితే వేసవిలో ఇండియా నుంచి వచ్చే మా అమ్మానాన్నలను పార్కుకు తీసుకువెళ్లినప్పుడు, మోకాళ్ల నొప్పులతో పెద్ద రైడ్లేవీ ఎక్కలేని వాళ్లకు ఆ పడవే పెద్ద వినోదంగా ఉండేది. పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడి, ఇది అచ్చం మన పాపికొండల లాంచీలాగే ఉందని మా నాన్న అనేవారు. వేడివేడి పకోడీలు ఇచ్చేవాళ్లు మాత్రం లేరని కాస్త విసుక్కునేవారు కూడా. అటువంటి చోటును తీసేసి ఇంకో పెద్ద క్యూ తెచ్చిపెట్టడం వల్ల పార్కుకు లాభమో నష్టమో నాకు తేలడం లేదు.

నల్లమల

పాపికొండలు గారూ, మీ మొదటి ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను: ఇమడవు. కార్లకు కళ్లుండటం నాకు పెద్ద అభ్యంతరం కాదు. ఆ ప్రాంతాన్ని ఒక వరుసలో, ఒక దిక్కుగా కట్టారు. ఇప్పుడు ఆ వరుస నడుమ గండి పడుతోంది.

హాంటెడ్ మ్యాన్షన్ అనే దెయ్యాల బంగళా దగ్గర మొదలుపెట్టి పడమటి వైపు నడిచి చూడండి. ఆ భవనం న్యూయార్క్ హడ్సన్ లోయలోని పాతకాలపు బంగళాల తీరులో ఉంటుంది. తరువాత లిబర్టీ స్క్వేర్ వస్తుంది. అక్కడ హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్ భవనం నుదుట 1787 అని రాసి ఉంటుంది, అది అమెరికా రాజ్యాంగం రాసుకున్న సంవత్సరం. ఇంకొంచెం ముందుకు వెళితే డైమండ్ హార్స్‌షూ అనే సెలూన్ వస్తుంది. పడమటికి వెళ్లేవాళ్లకు ద్వారమైన సెయింట్ లూయిస్ నగరానికి అది గుర్తు. అక్కడి నుంచి ఇటుక గోడలు పోయి చెక్క అరుగులు మొదలవుతాయి. చివరన 1980లో కట్టిన బిగ్ థండర్ మౌంటెన్ ఎర్రకొండలు, బంగారు గని కనిపిస్తాయి. పది నిమిషాల నడకలో ఒక దేశం వందేళ్ల పాటు పడమటికి జరిగిన తీరు కళ్ల ముందు నుంచి సాగిపోతుంది. ఎక్కడా బోర్డు పెట్టి చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఈ నడక పొడవునా కుడి చేతి వైపు తోడుగా వచ్చేది ఆ నది. అదే నీరు బంగళా ముందు హడ్సన్ అనిపించేది, అరుగుల ముందుకు వచ్చేసరికి మిసిసిపీ అనిపించేది.

ఇక దీవి సంగతి. దాన్ని పిల్లలాడుకునే మూల అని తీసిపారేసేవాళ్లు ఎప్పుడూ తెప్ప దిగి లోపలికి వెళ్లలేదేమో అని నా అనుమానం. పీపాల మీద పలకలు పరిచిన వంతెన ఒకటి ఉండేది. ఒకరు అడుగేస్తే వెనకాల ఉన్నవాళ్లు తూలేవాళ్లు, పిల్లలు కావాలనే ఎగిరి దూకేవాళ్లు. గుహలో కొన్ని చోట్ల పెద్దవాళ్లు నడుము వంచి, భుజాలు ఇరుకు చేసుకుని నడవాల్సి వచ్చేది. హార్పర్స్ మిల్ అనే తిరగలి ఇంట్లో చక్రాల నడుమ ఒక పిట్ట గూడు పెట్టుకుని కూర్చుని ఉండేది. తలెత్తి చూసినవాళ్లకే కనిపించేది. ఫోర్ట్ లాంగ్‌హార్న్ అనే కోటలో పిల్లలు తుపాకులు పేల్చినట్టు ఆడుకునేవాళ్లు. వీటిలో దేనికీ క్యూ లేదు, టికెట్ సమయం లేదు, సీటు బెల్టు లేదు. ఏ క్రమంలో చూడాలో చెప్పేవాళ్లూ లేరు. ఈ రోజుల్లో కట్టే సినిమా ల్యాండ్లలో ప్రతి అడుగుకూ ఒక కథ ముందే రాసిపెట్టి ఉంటుంది. మనం ఆ కథలో ఒక పాత్రగా నడవాలి. దీవిలో పిల్లలు తమ కథ తామే అల్లుకునేవాళ్లు.

టామ్ సాయర్ మాత్రం 1876లో వచ్చిన మార్క్ ట్వేన్ నవలలోని కుర్రాడే కదా, అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు అని ఎవరైనా అడగవచ్చు. ఆ నవల చదవని పిల్లవాడికి ఆ దీవిలో ఏ లోటూ తెలిసేది కాదు. పేరు అరువు తెచ్చుకున్నారు, అంతవరకే. సినిమా ల్యాండ్‌కు ఆ సౌలభ్యం ఉండదు. సినిమా నచ్చనివాడు అక్కడ పరాయివాడై నిలబడతాడు.

టాంపా నుంచి

నల్లమల గారి వర్ణన చదివితే నాకూ ఆ దీవి మీద బెంగ పుట్టింది. కానీ ఆయన రాయని విషయాలు కొన్ని ఉన్నాయి. ఫ్లోరిడాలోనే ఉండి తరచుగా వెళ్లేవాడిగా అవి చెప్పడం నా బాధ్యత.

ఆ దీవిని పొద్దుగూకేసరికి మూసేసేవాళ్లు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అసలు రద్దీ రాత్రి బాణసంచా కోసం ఎదురుచూసే వేళ మొదలవుతుంది. సరిగ్గా ఆ సమయానికి పార్కులో ఉన్న అంత విశాలమైన స్థలం చీకట్లో ఖాళీగా పడి ఉండేది. దీవికి వెళ్లడానికి తెప్ప తప్ప వేరే దారి లేదు. మధ్యాహ్నం ఉరుములు మొదలైతే తెప్పలు ఆగిపోయేవి, ఫ్లోరిడా వేసవిలో అది దాదాపు రోజూ ఉండే తంతే. పడవ విషయానికి వస్తే, పక్కన పిల్లల రైడ్ల ముందు గంటల కొద్దీ క్యూలు ఉన్న రోజుల్లో కూడా పై అంతస్తులో కావలసినంత చోటు దొరికేది. పాపికొండలు గారి నాన్నగారికి అది సుఖమే, కాదనను. అయితే దీవినీ పడవనీ ఎంతమంది వాడుకుంటున్నారో యాజమాన్యం లెక్క చూసుకోకుండా ఉండదు కదా.

రెండో ప్రశ్నకు జవాబు పార్కు పటంలోనే ఉంది. కాలిఫోర్నియాలో నది వెనక నుంచి ఫాంటసీల్యాండ్‌కు నడిచి వెళ్లే దారి ఒకటి ముందు నుంచే ఉంది. అందువల్ల నది ఉత్తరపు కొసను కుదించి, స్టార్ వార్స్ ల్యాండ్‌కు మూడు వైపుల నుంచి ద్వారాలు పెట్టగలిగారు. ఫ్లోరిడాలో అటువంటి దారి లేదు. నది ఆ మూల మొత్తానికి అడ్డుగోడలా ఉండేది. బిగ్ థండర్ దాకా వెళ్లినవాళ్లు రైలెక్కకపోతే మళ్లీ వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఊరేగింపు సమయంలో పిల్లల బండ్లు తోసుకుంటూ ఆ ఇరుకులో ఇరుక్కున్నవాళ్లెవరికీ నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు. బిగ్ థండర్‌కు అవతల డిస్నీ దుష్టపాత్రలతో విలన్స్ ల్యాండ్ కూడా కడతామని అదే సభలో ప్రకటించారు. ఆ రెండు ల్యాండ్లకూ జనం నడిచి వెళ్లడానికి వీలుండాలంటే, నదిలో కొసరు ముక్క తీసేస్తే సరిపోదు. డిస్నీకి ఫ్లోరిడాలో సుమారు 25,000 ఎకరాలు ఉన్నాయి కదా, ఇంకెక్కడైనా కట్టుకోవచ్చు కదా అనేవాళ్లు ఒకటి గమనించాలి: ఎకరాలు ఎన్ని ఉన్నా, పార్కు లోపలి జనం కాలినడకన చేరగలిగే చోటు కొద్దిగానే ఉంటుంది.

ఇక ‘ఇముడుతుందా’ అన్న ప్రశ్న. పిస్టన్ పీక్ ఒక నేషనల్ పార్కు. రాకీ పర్వతాలు, పైన్ చెట్లు, వేడినీటి ఊటలు, దుంగలతో కట్టిన బసలు అందులో ఉంటాయని విడుదల చేసిన చిత్రాలు చూపిస్తున్నాయి. ప్రపంచంలో మొదటి నేషనల్ పార్కుగా చెప్పుకునే ఎల్లోస్టోన్‌ను 1872లో ఏర్పాటు చేశారు. బంగారం కోసం కొండలు తవ్వుతున్న ఆ రోజుల్లోనే, కొన్ని కొండలనైనా తవ్వకుండా వదిలేయాలన్న ఆలోచన పుట్టింది. అది కూడా పడమటి చరిత్రలో భాగమే. మ్యాజిక్ కింగ్‌డమ్ పక్కనే 1994లో కట్టిన వైల్డర్‌నెస్ లాడ్జ్ హోటల్ ఆ దుంగల బసల తీరులోనే ఉంది. అది అక్కడ అతకలేదని ఇంతవరకు ఒక్కరూ అనగా నేను వినలేదు. పైగా ఫ్రాంటియర్‌ల్యాండ్ కాలక్రమం ఇప్పటికే చెదిరింది. స్ప్లాష్ మౌంటెన్ అనే నీటి రైడ్ ఉన్న చోట 2024 జూన్‌లో డిస్నీ సినిమా రాకుమారి టియానా రైడ్ వచ్చింది; ఆమె కథ 1920ల న్యూ ఆర్లియన్స్‌లో జరుగుతుంది. నల్లమల గారి వరుస ప్రకారం ఎర్రకొండల పక్కన ఆ నగరం ఎలా వచ్చినట్టు?

నీళ్లు తీసేయడం కూడా ఆ పార్కుకు ఇది మొదటిసారి కాదు. జూల్స్ వెర్న్ నవల పేరుతో ఉన్న జలాంతర్గాముల రైడ్ 1994లో మూతపడింది. ఆ మడుగు ఎన్నో ఏళ్లు దేనికీ పనికిరాకుండా ఉండి, చివరికి పూడిపోయింది. 2014లో అక్కడ తెరిచిన సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ ముందు ఈ రోజు ఎంత క్యూ ఉంటుందో చూస్తున్నాం. అప్పుడు ఏడ్చినవాళ్లలో చాలామంది ఇప్పుడు ఆ క్యూలోనే పిల్లలతో నిలబడుతున్నారు.

అనహైమ్ వాసి

మా ఇంటి నుంచి డిస్నీల్యాండ్‌కు కొద్ది దూరమే. అసలు ‘కార్స్ ల్యాండ్’ ఉన్నది ఇక్కడ డిస్నీల్యాండ్ పక్క పార్కు కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో. ఈ చర్చలో దాన్ని రెండు వర్గాలూ తమ సాక్షిగా వాడుకుంటున్నాయి కనుక, అది ఎందుకు అంత బాగుందో కొంచెం వివరంగా రాస్తాను.

2012 జూన్ 15న తెరిచిన ఆ ల్యాండ్ విస్తీర్ణం 12 ఎకరాలు. సినిమాలోని రేడియేటర్ స్ప్రింగ్స్ ఊరు మొత్తాన్ని, ఒక ప్రధాన వీధితో, చివరన కోర్టు భవనంతో, వెనక ఎర్రటి కొండల వరుసతో సహా దింపారు. మీరు ఆ వీధిలో నిలబడితే పార్కులోని ఇంకే భవనమూ దాదాపు కంటపడదు. అక్కడి దుకాణాలు, తిండి, పాటలు, వీధి దీపాలు అన్నీ ఆ ఒక్క ఊరివే. రోజూ చీకటి పడే వేళకు పాతకాలపు పాట ఒకటి మొదలవుతుంది, దానితోపాటు ఫ్లో అనే ఆవిడ హోటల్ నుంచి మొదలుకొని వీధి పొడవునా నియాన్ దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. సినిమాలో మూతపడిన ఊరు మళ్లీ బతికే ఘట్టం అదే. సినిమా చూసినవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది. చూడనివాళ్లు కూడా నడక ఆపి చూస్తారు. సినిమా నచ్చనివాడు పరాయివాడవుతాడన్న నల్లమల గారి మాటతో నేను విభేదించేది ఇక్కడే. చోటు బాగా కడితే సినిమా తెలియకపోయినా పనిచేస్తుంది. అవతార్ సినిమాను ఎవరు గుర్తుపెట్టుకున్నారని 2011లో ఆ సినిమా ల్యాండ్ ప్రకటన వచ్చినప్పుడు ఎగతాళి చేసినవాళ్లు, 2017 మేలో పాండోరా అనే ఆ ల్యాండ్ తెరిచాక రాత్రిపూట మెరిసే ఆ చెట్ల కింద గంటలు గడిపారు.

కానీ టాంపా మిత్రులు ఒక విషయం దాటవేశారు. మా కార్స్ ల్యాండ్‌ను ఎక్కడ కట్టారో తెలుసా? పార్కింగ్ స్థలంలో. టిమాన్ పార్కింగ్ లాట్ పోయిందని కన్నీళ్లు పెట్టుకున్న అభిమాని ఒక్కడూ లేడు. 2001లో వెలవెలబోతూ మొదలైన ఆ పార్కుకు అప్పటిదాకా చెప్పుకోదగ్గ చోటంటూ లేదు. కార్స్ ల్యాండ్ వచ్చాకే దానికొక ముఖం వచ్చింది. మ్యాజిక్ కింగ్‌డమ్ పరిస్థితి అది కాదు. ముఖం ఉన్న చోటును తీసి కడుతున్నారు కనుక, కొత్తది సాదాసీదాగా బాగుంటే చాలదు, పోయిన దానికంటే బాగుండాలి.

ఇంకొక తేడా కూడా ఉంది. పిస్టన్ పీక్ అన్నది ‘కార్స్’ సినిమాల్లోని ఊరు కాదు; 2014లో వచ్చిన ‘ప్లేన్స్’ రెండో సినిమాలోని అడవి. రేడియేటర్ స్ప్రింగ్స్‌ను గుర్తుపట్టినట్టు దాన్ని గుర్తుపట్టేవాళ్లు తక్కువ. అంటే డిస్నీ ఇక్కడ తెలిసిన పాత్రలను తెలియని చోట పెడుతోంది. ఈ ప్రయోగం స్టార్ వార్స్ ల్యాండ్‌లో చేసి చూశారు. 2019లో తెరిచిన గెలాక్సీస్ ఎడ్జ్‌ను 14 ఎకరాల్లో, బటూ అనే ఎవరూ సినిమాలో చూడని గ్రహంగా కట్టారు. దాని కాలాన్ని కూడా కొత్త సినిమాల నడుమ ఒకచోట బిగించారు. దాంతో పాత సినిమాల విలన్ డార్త్ వేడర్‌ను చూడాలని వచ్చిన పెద్దవాళ్లు కనీసం ఆయన నీడ కూడా లేదని గొణిగారు. రాతి పనితనం, ఫాల్కన్ నౌక, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ రైడ్ అద్భుతంగా ఉన్నాయి. అయినా 2022 నవంబరులో స్టార్ వార్స్ టీవీ సిరీస్ పాత్రలైన మాండలోరియన్‌నూ చిన్నారి గ్రోగూనూ ఆ వీధుల్లోకి తీసుకురావలసి వచ్చింది. చోటు ఎంత బాగున్నా, జనం వెతుక్కుంటూ వచ్చిన ముఖం కనిపించకపోతే ఏదో వెలితి ఉంటుంది. పిస్టన్ పీక్‌లో మెక్వీన్, అతని మిత్రుడు మేటర్ ఉంటే ఆ వెలితి ఉండదు. కానీ వాళ్లు ఎంత ఎక్కువగా కనిపిస్తే ఫ్రాంటియర్‌ల్యాండ్‌కు అంత దూరమవుతుంది. ఈ రెంటినీ పొసగించడమే అసలు కష్టం.

నది కుదింపు గురించి కూడా చెప్పాలి. 2017లో మా నది తిరిగి తెరిచినప్పుడు పొడవు తగ్గిందన్న బాధతోనే వెళ్లాము. కుదించిన కొసన కొత్త కొండలు, జలపాతాలు పెట్టారు. రైలును నీటి మీదుగా వంతెనపై నడిపారు. 1955 నుంచి కుడి వైపుకే తిరిగిన ఆ రైలు మొదటిసారి ఎడమ వైపుకు మలుపు తీసుకుంది. కోత కోసిన చోటే నదికి అందం పెరిగింది. ఫ్లోరిడాలో దారుల సమస్య నిజమే అయినా, ఒక వాగైనా మిగిల్చి ఉండవలసిందన్నది నా అభిప్రాయం.

మణికొండ

విదేశీ పార్కుల గురించి నాకు వీడియోల ద్వారా తెలిసినదే. అయితే సినిమా లోకంలో నడిచిన అనుభవం హైదరాబాద్ వాళ్లందరికీ ఎంతో కొంత ఉంటుంది కనుక రాస్తున్నాను. రామోజీ ఫిల్మ్ సిటీలో బాహుబలి సెట్ చూడటానికి వెళ్లినప్పుడు నాకు అర్థమైనది ఏమిటంటే, సెట్‌ను కెమెరా కోసం కడతారు, పార్కును కాళ్ల కోసం కడతారు. సెట్‌లో కెమెరా చూడని వైపుకు వెళితే చెక్క చట్రాలు, ఇనుప గొట్టాలు కనిపించవచ్చు. అయినా మనకు కోపం రాదు, ఎందుకంటే సినిమా నిజంగా అక్కడ తీశారన్న సంతోషం ఆ లోటును పూడుస్తుంది. మాహిష్మతి విగ్రహాల ముందు నిలబడి ఫొటో దిగేవాడికి ఆ నిజమే కావాలి.

‘కార్స్’ వంటి యానిమేషన్ సినిమాకు అటువంటి నిజమైన చోటు ఎక్కడా లేదు. అందువల్ల పార్కులో కట్టేదే దానికి అసలు చోటు అవుతుంది. ఆ లెక్కన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఎన్నో ఏళ్లు ఉన్న నదికి మాత్రం తనదంటూ ఒక నిజం ఏర్పడింది: నిజమైన ఆవిరి ఇంజన్, నిజమైన నీరు, నీటి మీద నిజమైన బాతులు. పడవ నీటి అడుగున ఉన్న పట్టా మీద నడిచేదని చదివాను, అయినా సరే. నేను పాత నది పక్షమే.

పాపికొండలు

అందరికీ ధన్యవాదాలు. దారుల గురించి టాంపా నుంచి గారు చెప్పినది నాకు కొత్త విషయం. రెండో సందేహం చాలావరకు తీరింది. ఇక నాకు మిగిలిన ప్రశ్న కొంత ఇంటి విషయం. కొత్త ల్యాండ్‌లో రెండు రైడ్లు ఉంటాయని, ఒకటి కొండదారుల్లో సాగే కార్ల పరుగు పందెమని, రెండోది చిన్నపిల్లల కోసమని ప్రకటించారు. మొదటిది ఎగుడుదిగుడు దారిలో కుదుపులతో ఉంటుందని చిత్రాలే చెబుతున్నాయి. అంటే ఇల్లంతా కలిసి కూర్చునే పడవ పోయి, దాని స్థానంలో మా అమ్మానాన్నలు ఎక్కలేనిది ఒకటి, పిల్లలు పెద్దయ్యాక ఎక్కనిది ఒకటి వస్తున్నాయి. ఈ లోటును ఎవరైనా ఆలోచించారా? అంతవరకు పెద్దవాళ్లను ఆ పార్కులో ఎక్కడికి తీసుకువెళ్లాలి?

టాంపా నుంచి

మీ అమ్మగారికీ నాన్నగారికీ టుమారోల్యాండ్‌లోని పీపుల్‌మూవర్ అనే నెమ్మది బండి చూపించండి. కదిలే పలక మీద నుంచి ఎక్కాలి కనుక మొదటిసారి చేయి పట్టుకోండి. కూర్చున్నాక కుదుపులుండవు, ఎక్కువ భాగం నీడలోనే సాగుతుంది, గాలి తగులుతుంది. దాని పక్కనే ఉన్న కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసినది. ప్రేక్షకుల కుర్చీలే వేదిక చుట్టూ తిరుగుతాయి, చల్లగా ఇరవై నిమిషాలు కూర్చోవచ్చు. ఫ్రాంటియర్‌ల్యాండ్‌లోనే కావాలంటే ఎలుగుబంట్ల సంగీత ప్రదర్శన ఉంది. 2024లో పాటలు మార్చారు, మాటలు అర్థం కాకపోయినా మా అత్తగారు పడి పడి నవ్వారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఈ మూడింటి మధ్య తిప్పితే ఎండా వానా రెండూ తప్పుతాయి.

కొత్త ల్యాండ్‌లో కూర్చునే చోట్ల గురించి మీ ఆందోళన న్యాయమైనదే. ఊటలు, చెట్లు, నడిచే బాటలు గీసిన చిత్రాలు చూస్తే రైడెక్కనివాళ్లను కూడా దృష్టిలో పెట్టుకున్నారనే అనిపిస్తోంది.

నల్లమల

ఇల్లు అలకగానే పండగ కాదు. చిత్రాల్లో ప్రతి ల్యాండ్‌లోనూ చెట్లుంటాయి. తెరిచిన రోజున నాటిన మొక్క నీడనివ్వడానికి ఎన్నేళ్లు పడుతుందో ఫ్లోరిడా ఎండలో నిలబడినవాళ్లకు తెలుసు. నదీ తీరంలో యాభై ఏళ్లు పెరిగిన ఓక్ చెట్లకు మారుగా క్రేన్లతో తెచ్చి పాతిన పైన్ చెట్లు నాకు ఊరట కలిగించవు. టియానా గురించి మీరు అడిగిన ప్రశ్నకు కూడా నా జవాబు ఇదే: ఒక తప్పు జరిగిందని ఇంకో తప్పుకు అనుమతి దొరకదు. అయినా న్యూ ఆర్లియన్స్ మిసిసిపీ ఒడ్డు నగరమే కదా, నది ఉన్నంతకాలం ఆ కథకు ఒక ఆధారమైనా ఉండేది. ఇప్పుడు ఆ నదే లేదు.

పీపుల్‌మూవర్ సలహా మాత్రం బాగుంది. అది ఏ సినిమా కథా కాదని కూడా గమనించగలరు.

అనహైమ్ వాసి

అసలు సంగతి తేలేది ఒక్కచోటే అని నాకనిపిస్తోంది. హాంటెడ్ మ్యాన్షన్ క్యూ గేటు దగ్గర నిలబడి, ఇదివరకు నీళ్లు కనిపించిన వైపుకు చూడాలి. లిబర్టీ స్క్వేర్ నుంచి కొత్త ల్యాండ్ కనిపించకుండా కొండలు, చెట్లు అడ్డుపెడతామని డిస్నీ వాళ్లు మాట ఇచ్చారు. 1787 నాటి ఊరి అంచున నిలబడినవాడికి అక్కడి నుంచి అడవి కనిపిస్తే టాంపా వారి వాదన నిలుస్తుంది. ఆ చెట్ల సందుల్లోంచి ఒక కారు అద్దం మీది కళ్లు మనవైపు చూస్తే నల్లమల గారిది. తెరిచిన వారం మీలో ఎవరు వెళ్లినా ఆ గేటు దగ్గర నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఓడినవారు గెలిచినవారికి పార్కులో చుర్రోలు అనే తీపి చిరుతిండి కొనిపెట్టాలి, అక్కడి ధరలకు అది చిన్న పందెమేమీ కాదు.